చర్ల టు ఎవరెస్ట్.. భద్రాచలం అడవుల కుర్రాడు శిఖరం ఎలా ఎక్కాడు? కొండలెక్కాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సినవి ఇవే!

భద్రాచలం నుంచి దాదాపు 60 కిలోమీటర్లు వెళ్తే చర్ల. దాటితే ఛత్తీస్‌గఢ్ అడవులు. మంచు మాటే తెలియని ప్రాంతం. ఎండాకాలంలో నిప్పుల కొలిమే! అప్పటి ఖమ్మం జిల్లాలోని ఈ మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కాడు. తోడుగా నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ. ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయిల్లో ప్రపంచంలోనే అతి చిన్న వయస్కురాలిగా రికార్డు కొట్టింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే.

ట్రైనింగ్ ఎలా సాగింది?

* మొదటి మెట్టు భువనగిరి. ఏకశిల కోట గుట్టపై రాక్ క్లైంబింగ్. కోచ్ శేఖర్ బాబు.
* తర్వాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్. అక్కడి నుంచి దాదాపు 17 వేల అడుగుల రెనాక్ శిఖరం.
* చివరగా లద్దాఖ్. మైనస్ డిగ్రీల చలికి శరీరాన్ని అలవాటు చేయడం.

ప్రతి దశలోనూ కొందరిని ఎంపిక చేస్తూ వెళ్లగా, చివరికి మిగిలింది ఈ ఇద్దరే. గురుకులాల సొసైటీ కార్యదర్శిగా అప్పటి ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ దీన్ని ముందుండి నడిపించారు.

టిబెట్ వైపు నుంచే ఎందుకు?

నేపాల్‌లో 16 ఏళ్లలోపు వాళ్లకు పర్మిషన్ లేదు. పూర్ణకు ఆ వయసు రాలేదు. అందుకే ఉత్తరం వైపు దారి పట్టారు. అదే సీజన్‌లో ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు చరియలు విరిగిపడి 16 మంది నేపాలీ సిబ్బంది చనిపోయారు. వీళ్లు మాత్రం వెనకడుగు వేయలేదు.

పైకి వెళ్తే ఊపిరి ఎందుకు ఆడదు?

గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. దాంతో 5,500 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సగానికి పడిపోతుంది. 8,848 మీటర్ల ఎవరెస్ట్ శిఖరంపై మూడో వంతే. 8,000 మీటర్లు దాటితే ‘డెత్ జోన్’ అంటారు. అక్కడ శరీరం అలవాటు పడటం కుదరదు.

మీరూ ట్రెక్కింగ్‌కు వెళ్తున్నారా?

* రెండు, మూడు నెలల ముందు నుంచే నడక, మెట్లెక్కడం, బ్యాగ్ బరువుతో ప్రాక్టీస్ చేయండి.
* 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు, నాలుగు రోజులకోసారి రెస్ట్ తప్పనిసరి.
* తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం.. ఎత్తు పడట్లేదని చెప్పే సంకేతాలు. అక్కడే ఆగండి. తగ్గకపోతే కిందకు దిగండి.
* నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా ప్రాణాపాయమే. తెల్లారే దాకా చూద్దాం అనొద్దు. వెంటనే దించేయాలి.
* మందులు డాక్టర్ చెబితేనే. మద్యం, నిద్రమాత్రలకు దూరం.

గోదావరి ఒడ్డు నుంచి వెళ్లినా, హైదరాబాద్ నుంచి వెళ్లినా కొండ రూల్ ఒక్కటే. మెల్లగా ఎక్కాలి, అవసరమైతే దిగాలి!