బాటసారి నీడ: చేవెళ్ళ దారి, ఆదివారపు సెలవు

హైదరాబాదుకు పడమట, పోలీసు అకాడమీ కూడలి నుంచి మొయినాబాద్, చేవెళ్ళల మీదుగా మన్నెగూడ వరకు సాగే 46 కిలోమీటర్ల రహదారికి ఇరువైపులా దాదాపు 900 మర్రిచెట్లు నిలిచి ఉన్నాయి. బీజాపూరు వైపు పోయే ఈ బాట వెంట వీటిని నిజాముల కాలంలో నాటించారని ప్రతీతి. కాలినడకన, ఎడ్లబండ్ల మీద ఎండలో సాగే మనిషికీ పశువుకూ నీడ కల్పించడమే వాటి పని. బాటల వెంట మర్రిచెట్లు నాటించి, మామిడితోపులు పెంచి, బావులు తవ్వించిన సంగతిని అశోకుడి ఏడవ స్తంభశాసనం పేర్కొంటుంది కనుక, ఈ ఆచారం వయస్సు రెండువేల ఏళ్ళకు పైమాటే. కొమ్మల నుంచి దిగే వేళ్ళను ఊడలంటారు. అవి నేలను తాకి కొత్త మానులుగా బలపడతాయి గనుక, తల్లిమాను ముదిరినా మర్రి నీడ తరగదు.

ఈ ప్రాంత చరిత్రలో నీడకు తోడు నీరు. నేడు విల్లాలకు పేరుపడిన మోకిల గ్రామం పక్క నుంచే బుల్కాపూర్ కాలువ పోతుంది. 1562లో కుతుబ్‌షాహీల ఏలుబడిలో నిర్మించిన హుస్సేన్‌సాగర్‌కు మూసీ నీటిని శంకరపల్లి దిక్కు నుంచి చేర్చిన కాలువ ఇది. నగరం నడిబొడ్డున నిలిచిన చెరువుకు మోకిల మీదుగా నీళ్ళు వెళ్ళాయన్నది మరువదగని విషయం. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ 1908 సెప్టెంబరు 28న పొంగి నగరాన్ని ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడు వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నది పరీవాహక ప్రాంతంలో, అంటే వాననీరు నదికి చేరే నేలంతటిలో, 788 చెరువులున్నాయనీ, ఆ వానకు 221 తెగాయనీ లెక్కతేల్చి, వరదను నగరానికి ఎగువనే ఆపే జలాశయాలను సూచించాడు. ఆ సూచన ఫలితంగానే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. అవి వరదను ఆపడానికీ, నగరానికి తాగునీరివ్వడానికీ కట్టినవే అయినా, కట్టల మీద చల్లగాలి కోసం జనం రావడం క్రమంగా అలవాటైంది.

అలా రావడానికి తీరిక కావాలి. నిజాం రాజ్యంలో కచేరీలకు, విద్యాలయాలకు సెలవు శుక్రవారం. ఆదివారపు సెలవు రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాత ఇక్కడ కుదురుకుంది. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో పోరాడి 1890లో సాధించుకున్న విశ్రాంతి దినమే, మరో దారిన, ఈ పల్లెల దాకా నడిచి వచ్చింది. ఆదివారం నాటి ప్రశాంతతను కాపాడడంలో దక్షిణ అమెరికా నగరమైన బొగోటా ముందుంది. 1974లో మొదలైన ఏర్పాటు మేరకు ఆ నగరంలో ఆదివారం ఉదయాన నేడు వంద కిలోమీటర్లకు పైబడిన వీధుల్లో మోటారు వాహనాలను ఆపి, నడిచేవారికీ సైకిలు తొక్కేవారికీ వదిలేస్తున్నారు. చేవెళ్ళ దారిలో ఆ ఏర్పాటు లేదు. చెట్లు మాత్రం ఉన్నాయి.

ఈ దారికి పక్కనే ఉన్న చిలుకూరు బాలాజీ ఆలయంలో హుండీ లేదు. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, అది తీరాక 108 చేయడం ఇక్కడి ఆచారం. విదేశాలకు వీసా కోరే యువత రాకతో ఇక్కడి స్వామికి వీసా బాలాజీ అన్న పేరు స్థిరపడింది. సముద్రాలు దాటే ఎందరో తెలుగు యువకుల ప్రయాణం ఈ ప్రాకారంలోనే మొదలవుతుందనవచ్చు.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఈ పల్లెల నిశ్శబ్దాన్ని పాతికేళ్ళు కాపాడింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. రహదారి వెడల్పు ప్రతిపాదన వచ్చినప్పటి నుంచి నగరవాసులు కొందరు మర్రిచెట్లను ఒక్కొక్కటిగా లెక్కించి, వాటిని నిలపాలని కోరుతూ వచ్చారు. వారి కోరిక న్యాయమైనది, ఎందుకంటే రోడ్డును పక్కకు మళ్ళించడం సాధ్యమే గాని, ఇంతటి మానును మళ్ళీ చూడాలంటే మూడు తరాలు వేచి ఉండాలి. పాఠకులు ఒక ఆదివారం మొయినాబాద్ దాటాక బండి ఆపి, ఊడలు నేలను తాకే చోట ఒక గంట కూర్చుని రావాలి.