డాన్ లోయ వంతెన: ముందుచూపు ఎంత, అదృష్టం ఎంత?

టొరంటోలో డాన్ నది లోయను దాటే ప్రిన్స్ ఎడ్వర్డ్ వయాడక్ట్ గురించి ఎవరు చెప్పినా ఒక మాట తప్పకుండా వస్తుంది. 1918లో వంతెన తెరిచేనాటికే రోడ్డు కింద రైలుకు చోటు వదిలారు, 1966లో సబ్‌వే అందులోంచే నడిచింది, నగరానికి లక్షలాది డాలర్లు ఆదా అయ్యాయి. ఆ ఘనతంతా ఆనాటి ప్రజాపనుల కమిషనర్ ఆర్.సి. హారిస్‌కే దక్కింది. ఇందులో నిజం చాలానే ఉంది. ఎంత ఉందన్నది మాత్రం కట్టడాన్ని విడివిడి భాగాలుగా చూస్తేనే తేలుతుంది.

డాన్ మీది ప్రధాన వంతెన సుమారు 494 మీటర్ల పొడవు, లోయకు 40 మీటర్ల ఎత్తు. కాంక్రీటు స్తంభాల మధ్య ఉక్కు ఆర్చీలు. ఒక్కో ఆర్చీకి రెండు పాదాల దగ్గరా నడినెత్తినా మూడు కీళ్లు. టొరంటో చలికి ఉక్కు కుంచించుకున్నా, ఎండకు సాగినా, స్తంభం కాస్త కుంగినా ఆ కీళ్లు కదిలి సర్దుకుంటాయి. అదనపు ఒత్తిడి ఉక్కు మీద పడదు. నా దృష్టిలో ఈ వంతెన అసలు గొప్పతనం ఇదే. ఇది ఇంజనీరు థామస్ టేలర్, ఆర్కిటెక్ట్ ఎడ్మండ్ బర్క్‌ల పని. వాళ్ల పేర్లు ఇంతగా వినబడకపోవడం అన్యాయం.

కింది అంతస్తు అదనపు ఖర్చని అప్పట్లో గట్టిగానే అభ్యంతరాలు వచ్చాయి. 1912 ఓటింగులో ప్రజలు భూగర్భ రైలు ప్రతిపాదనను తిరస్కరించారు. నగరంలో తొలి సబ్‌వే 1954లో గానీ రాలేదు. అంటే హారిస్ పట్టుబట్టింది కంటికి కనబడని రైలు కోసం. ఆ ధైర్యాన్ని కాదనలేం.

అయితే పక్కనే రోజ్‌డేల్ లోయ మీద ఇదే పథకంలో కట్టిన చిన్న వంతెన ఉంది. దాని కింద కూడా చోటు వదిలారు. అది సబ్‌వేకు పనికిరాలేదు. అక్కడి మలుపు మరీ ఇరుకని తేల్చి, రైలుకు వేరే వంతెన కట్టారు. పెట్టె పొడవు పెరిగేకొద్దీ మలుపు విశాలంగా ఉండాలి. 1960ల పెట్టెలు దాదాపు 23 మీటర్లవి. ఆ కొలత 1918లో ఎవరికి తెలుసు?

మైకేల్ ఒండాట్జీ 1987 నవల 'ఇన్ ద స్కిన్ ఆఫ్ ఎ లయన్'లో హారిస్ ఒక పాత్ర. ఆయన కీర్తికి అదీ తోడై ఉండవచ్చు. కానీ నవల సాక్ష్యం కాదు. ఆదా లెక్క కట్టేవారు డాన్ మీద మిగిలిన సొమ్ములోంచి రోజ్‌డేల్‌లో వాడకుండా వదిలేసిన చోటు ఖర్చునూ తీసేయాలి.