మోటారు సైకిలు మీటల చరిత్ర

మీటుట యనగా వ్రేలి కొనతో తీగను కదల్చుట. వైణికుడు మీటిన తంత్రి పలుకును. విద్యుద్దీపమును వెలిగించు స్విచ్చికి గూడ మన వారు మీట యనియే పేరిడిరి. ఈ పేరు పెట్టినవారెవరో గాని యుచితజ్ఞులు. వ్రేలు కదలినది గోరంత. ఫలము కలిగినది మఱియొక చోట. వీణకును దీపమునకును గల యీ సామ్యమును వారు కనిపెట్టిరి.

నేటి నా ప్రసంగము మోటారు సైకిలు హ్యాండిలు మీద, బొటనవ్రేలి క్రింద నుండు మీటలను గూర్చినది. పంచకావ్యములు చదివి, ముప్పది యేండ్లు పిల్లలకు శబ్దములు వల్లె వేయించి విశ్రాంతి తీసికొనిన నా వంటివానికి దీనితో పని యేమి యని శ్రోతలు అడుగవచ్చును. మా మద్దిలపాలెములో, మా వీధిలోనే, ఉక్కు కర్మాగారమున పనిచేయు యువకుడొకడు కలడు. ప్రతిదినము జాతీయ రహదారి వెంట గాజువాక దాటి పోయి వచ్చుచుండును. ఒక వర్షాకాలపు రాత్రి, బండి మంచి వేగముతో పోవుచుండగా ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయినది. వెనుకనే లారీ. బండిని ప్రక్కకు లాగుకొని యెట్లో బ్రదికినాడు. పెట్రోలు నిండుగా నున్నది. ఇంజనులో లోపము లేదు. మఱునాడు పనివాడు విప్పి చూడగా, కుడిచేతి వైపునున్న యెఱ్ఱని మీటలో, గోరంత రేకు మీద పచ్చని కిలుము కనబడినది. ఆ మీట యెందులకు పెట్టిరి? అపాయము సంభవించినప్పుడు ఇంజనును తక్షణమే ఆపుటకు. ప్రాణరక్షణకై పెట్టిన సాధనము ప్రాణము మీదికి తెచ్చుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రలో నున్నది.

1885వ సంవత్సరమున జర్మనీ దేశములోని కాన్‌స్టాట్ పట్టణమున గాట్‌లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మేబాక్ అనువారు కొయ్య చట్రము గల రెండు చక్రముల బండికి ఇంజను అమర్చిరి. దానికి విద్యుత్తే లేదు; మీట యంతకంటె లేదు. దీపపు సెగచే కాగి యెఱ్ఱనైన చిన్న గొట్టమే లోపలి యావిరిని మండించుచుండెను. పదేండ్ల పిమ్మట ఫ్రాన్సులో ద దియోన్-బుతోన్ వారు మూడు చక్రముల మోటారు బండిని నిర్మించి, దానికి బ్యాటరీని, కాయిలును కూర్చిరి. ఎడమచేతి పిడిని కొంచెము త్రిప్పినచో విద్యుత్తు తెగి ఇంజను ఆగును. నేటి మన యెఱ్ఱ మీటకు ఆ పిడినే మూలపురుషునిగా నెంచవచ్చును.

పిమ్మట మాగ్నెటో వచ్చినది. 1902లో బాష్ కర్మాగారమునందు గాట్‌లోబ్ హోనోల్డ్ అను నాతడు అధిక వోల్టేజి మాగ్నెటోను సిద్ధపఱచెను. ఇంజను తిరుగుటచేతనే విద్యుత్తు పుట్టును, బ్యాటరీ యక్కఱలేదు. ఇచ్చట శ్రోతలు కొంచెము ఓపికతో వినవలెను, ఏలయన నేను చెప్పదలచిన దంతయు దీనిమీదనే నిలిచియున్నది. మాగ్నెటోతో మీట స్వభావము తలక్రిందులైనది. బ్యాటరీ బండిలో మీట కలిసియున్నంతవరకే ఇంజను నడచును, విడిపోయినచో ఆగును. మాగ్నెటో బండిలో మీట కలిసినప్పుడు విద్యుత్తు చట్రములోనికి పోయి వ్యర్థమగును, అప్పుడు ఇంజను ఆగును, విడియున్నంతసేపు నడచును. తార్కికులు అన్వయ వ్యతిరేకములని చెప్పుదురే, అట్టివే యివి. ఇక మీట చెడినదనుకొందము. తీగ తెగినను, కిలుము పట్టినను మాగ్నెటో బండి ఆగదు, నడచుచునే యుండును. పెట్రోలు కట్టివేసియో, గేరులో నుంచి బ్రేకు త్రొక్కియో ఆపుకొనవలెను. అది చికాకే గాని నడివీధిలో మనలను విడిచిపెట్టుట కాదు. బ్యాటరీ బండి యట్లు కాదు. అందులో మీట చెడుట యనగా ఇంజను చచ్చుట.

ఆ కాలమున దీపమునకును కూతకును మీటలు లేవు. కార్బైడు మీద నీటిచుక్కలు పడగా పుట్టిన వాయువుతో దీపము వెలుగుచుండెను. కూతకు రబ్బరు బుడ్డి. 1914లో అమెరికాలో ఇండియన్ అను పేరు గల మోటారు సైకిలును (మన దేశమునకు సంబంధించినది కాదు, పేరు మాత్రమే) విద్యుత్తుతో ఇంజనును కదల్చు ఏర్పాటుతో విక్రయించిరి. బ్యాటరీలు బలహీనములగుటచే అది నిలువలేదు. విద్యుద్దీపములు, విద్యుత్తు కూత వచ్చిన తరువాత మీటలు ఒక్కొక్కటిగా హ్యాండిలు మీదికెక్కినవి.

పాతవన్నియు మంచివని నే ననను. ఆంగ్లదేశపు లూకాస్ కంపెనీ విద్యుత్పరికరములను గూర్చి ఆ దేశపు రౌతులే ఆ కంపెనీని చీకటికి రాజకుమారుడని పరిహసించెడివారు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్లు, 1961లో మైసూరునుండి జావాలు, 1972 నుండి బజాజు వారి చేతక్ స్కూటర్లు వచ్చుచుండిన దినములలో దీపము వెలుగలేదన్నచో ఎవడును ఆశ్చర్యపడెడివాడు కాడు. వెస్పా తరగతి స్కూటర్లలో ఇంజను నెమ్మదించినచో దీపమును మసకబాఱుచుండెను. ఇంజను ఆపుటకు పెక్కింట చిన్న గుండీ యుండెను. ఇంజను పూర్తిగా ఆగు వఱకు దానిని నొక్కి పట్టుకొనవలెను. అయినను అవి మాగ్నెటో బండ్లు. గుండీ చెడినంత మాత్రమున దారిలో ఆగినవి కావు.

1969లో జపానునందు హోండా వారి 750 సి.సి. బండి వెలువడినది. విద్యుత్తుతో ఇంజనును కదల్చు మీటయు, అత్యవసరమున ఆపు మీటయు కుడిచేతి వ్రేళ్లకు అందునట్లు దానికి అమర్చిరి. 1974 నుండి ఈ ఆపు మీట కుడివైపుననే యుండవలెనని అమెరికా ప్రభుత్వము శాసనము చేసెను. ఉద్దేశము మంచిది. బండి పడి థ్రాటిలు చిక్కుకొనినప్పుడు తాళపుచెవికై తడవుకొనుటకు వ్యవధి యుండదు. మీట యెచ్చట నుండవలెనో అందఱకు నేర్పిన దా శాసనమే. కాని ఇంజను బ్యాటరీ మీద నడచు బండిలో ఆ మీట గుండా పోవు తీగ తెగినచో ఏమగునో మనము చూచితిమి.

మన దేశమున ఈ మార్పు ఆలస్యముగా వచ్చినది. 1984, 1985 సంవత్సరములలో జపాను కంపెనీల సహకారముతో వచ్చిన నూఱు సి.సి. బండ్లు కాలితో తన్ని నడపునవే. 2020 ఏప్రిలు 1 నుండి బి.ఎస్.6 నియమములు అమలునకు వచ్చుటతో, చాల బండ్లలో కార్బురేటరు పోయి, కంప్యూటరు పెట్రోలును కొలిచి చిమ్ము పద్ధతి వచ్చినది. కంప్యూటరునకు విద్యుత్తు ఎడతెగక కావలెను. తాళపు మీట, ఎఱ్ఱ మీట, కొన్నిట క్లచ్చి మీట, ప్రక్క స్టాండు మీట, ఇవి గొలుసువలె నుండును. ఇందు ఏ కడియ సడలినను బండి కదలదు, లేక కదలుచున్నది నిలిచిపోవును.

మఱియొక సూక్ష్మము గలదు. పూర్వపు మీటల గుండా దీపపు విద్యుత్తంతయు పోవుచుండెను. ముప్పదియైదు వాట్ల దీపమునకు పండ్రెండు వోల్టులలో దాదాపు మూడు ఆంపియర్లు. అందుచే మీట వేడెక్కి ప్లాస్టిక్కు కరగుట గలదు. కాని ఆ ప్రవాహపు చిన్న మెఱుపు రేకు మీది పలుచని మైలను కాల్చివేయుచుండెను. నేడు మీట కంప్యూటరునకు సంకేతము మాత్రమే పంపుచో, దాని గుండా పోవు విద్యుత్తు అత్యల్పము. రేకు వేడెక్కదు, మైలయు కాలదు. ఇట్టి చోట్ల బంగారు పూత పెట్టిన గాని నమ్మకము లేదు. బంగారమునకు కిలుము పట్టదు గదా! అగ్గువకు అమ్మవలసిన బండికి ఆ పూత యెవరు పెట్టుదురు?

విశాఖపట్టణము వంటి తీరమున ఈ మైల మఱింత చుఱుకుగా పెరుగును. ఇనుమునకు పట్టునది త్రుప్పు. రాగికి, ఇత్తడికి పట్టునది కిలుము. మన భాష రెంటికిని వేర్వేఱు పేర్లు పెట్టినది. పూర్వము గృహిణులు ఇత్తడి బిందెలను చింతపండుతో తోమి కిలుము పోగొట్టుచుండిరి. మీటలోని రేకును తోముటకెవరు? ఉప్పు గాలిలోని తేమను పట్టి యుంచును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరము మీదుగా పోయినప్పుడు సముద్రపు తుంపర యెంత లోపలికి కొట్టునో మేము చూచితిమి. దానికి తోడు, బండ్లను ఒత్తిడి గల నీటిధారతో కడుగు అలవాటు. వాన పైనుండి పడును గాని, ఈ ధార ఏ సందునుండియైనను దూఱును.

మా కూడలి దగ్గఱ అంగడి పెట్టుకొనిన పూర్వ శిష్యుడొకడు చెప్పినది: "రెండు మరలు తీస్తే పాత మీట విడిపోయేది మాస్టారూ. గరుకు కాగితంతో రుద్ది, కొంచెం వాజలీను రాసి బిగించేవాణ్ణి. ఇప్పటివి కొన్నిటికి మూత కరిగించి అతికేశారు. లోపల ఒక్క రేకు పోతే మొత్తం మార్చాలి." పెట్రోలు పోసి కడుగువారినాతడు తిట్టును, మైలతో బాటు లోపలి జిడ్డును కడిగివేయుదురట. పదిరూపాయల పనికి వేయి రూపాయల వస్తువు కొనవలసి వచ్చుట మరమ్మతు కాదని నా యభిప్రాయము.

కొన్ని మీటలు మాయమగుటయు గలదు. 2017 ఏప్రిలు 1 నుండి క్రొత్త బండ్ల ముందుదీపము ఇంజనుతో బాటు తనంత తానే వెలుగవలెనని మన ప్రభుత్వము నియమించినది. దానితో దీపపు మీట పోయినది. చెడుటకు ఒక చోటు తగ్గినది.

చేతక్ అను పేరు 2020 జనవరిలో మరల వచ్చినది. ఇంజను లేదు, విద్యుత్తుచే నడచు స్కూటరు. పూర్వపు స్కూటరు గుండీని ఇంజను ఆగు వఱకు నొక్కి పట్టవలసి యుండెను. దీని మీటలను నొక్కనక్కఱయే లేదు. ఈకవలె తాకిన చాలును.