కరెంటు స్తంభాల కింద పుట్టిన విద్య

2020 మే 14 సాయంత్రం. ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరపకోత ముగించుకున్న కూలీలు ట్రాక్టర్‌లో ఇళ్లకు వస్తున్నారు. ట్రాక్టర్ అదుపు తప్పి కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగలు మీద పడ్డాయి. తొమ్మిది మంది పోయారు. పక్కన ఎవరైనా గుండె నొక్కితే బతికేవారని ఇప్పుడు కూర్చుని అనడం న్యాయం కాదు. తెగిపడ్డ తీగ దగ్గరికి ఎవరూ వెళ్లలేరు, వెళ్లకూడదు కూడా. కానీ ఈ నల్లరేగడి నేలల్లో కరెంటు ఒకేసారి తొమ్మిది మందిని తీసుకుపోతేనే పెద్ద వార్త. స్టార్టర్ దగ్గర ఒక్కడు పడిపోతే జిల్లా పేజీలో నాలుగు లైన్లు.

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు సంగతే చూడండి. గుంటూరు ఛానల్‌ను పర్చూరు దాకా పొడిగించాలన్నది ఇక్కడి రైతుల ఏళ్లనాటి కోరిక. కాలువ అందని చేలకు కుంట మీదో, వాగు మీదో, బోరు మీదో మోటారే దిక్కు. తడికాళ్లతో స్టార్టర్ నొక్కడం, అతుకుల వైరు, లైన్‌మన్ వచ్చేలోపు మనమే ఫ్యూజు వేసేద్దామన్న తెగింపు, ఇవన్నీ తెలిసినవే.

షాక్ కొట్టిన మనిషి ఒంటి మీద కాలిన గాయాలు కనిపిస్తాయి. చాలాసార్లు చంపేది అవి కావు. కరెంటు గుండె మీదుగా పోతే లయ చెదిరి, గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది. రక్తం కదలదు. నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

ఈ వణుకును పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నవాడు డాక్టరు కాదు, కరెంటు ఇంజనీరు. అమెరికాలో 1920ల్లో లైన్‌మెన్ షాక్‌తో చనిపోతుంటే కరెంటు కంపెనీలే డబ్బిచ్చి పరిశోధన చేయించాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ప్రొఫెసర్ విలియం కౌవెన్‌హోవెన్ ఆ పనికి దిగాడు. ఛాతీ కోయకుండా పైనుంచే షాకిచ్చి గుండెను దారికి తెచ్చే యంత్రం తయారైంది. 1958లో ఆయన శిష్యుడు గై నికర్‌బాకర్ కుక్క మీద ప్రయోగం చేస్తూ ఓ చిత్రం గమనించాడు. యంత్రం బరువైన పలకలను ఛాతీకి అదిమి పెట్టగానే, ఇంకా కరెంటు వదలకముందే, రక్తపోటు లేచింది. నొక్కుడే రక్తాన్ని తోస్తోందన్నమాట! సర్జన్ జేమ్స్ జూడ్ తోడయ్యాడు. 1960 జులైలో ముగ్గురూ అచ్చువేసిన వ్యాసంలో 20 మంది రోగుల వివరాలున్నాయి. 14 మంది బతికారు. ఆపరేషన్ గది అక్కర్లేదు, రెండు చేతులుంటే చాలన్నది దాని సారం. నిజానికి 1891లోనే జర్మనీలో ఫ్రెడరిక్ మాస్ ఇలాగే నొక్కి రోగిని బతికించాడు, ఎవరూ పట్టించుకోలేదు. కౌవెన్‌హోవెన్‌కు మాత్రం 1969లో హాప్‌కిన్స్ గౌరవ ఎం.డి. పట్టా ఇచ్చింది.

నోటితో ఊపిరి ఊదడం మీద అదే బాల్టిమోర్‌లో పీటర్ సఫార్ పనిచేశాడు. నొక్కడం, ఊదడం రెండూ కలిసి సీపీఆర్ అయింది. 1967 జులై 17న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో షాక్ తగిలి, నడుం బెల్టుతో స్తంభానికి తలకిందులుగా వేలాడుతున్న రాండల్ చాంపియన్ నోట్లోకి తోటి లైన్‌మన్ థాంప్సన్ ఊపిరి ఊదాడు. నాడి అందాక కిందికి దించాడు. రోకో మొరాబిటో తీసిన ఆ ఫొటోకు పులిట్జర్ వచ్చింది. చాంపియన్ 2002 దాకా బతికాడు.

అలాంటి ఉదాహరణ మన దగ్గరా ఉంది. 2024 మేలో విజయవాడ అయ్యప్పనగర్‌లో షాక్‌తో పడిపోయిన ఆరేళ్ల పిల్లాణ్ణి కన్నవాళ్లు భుజాన వేసుకుని పరిగెడుతుంటే, దారిన పోతున్న డాక్టర్ రవళి ఆపారు. రోడ్డు మీదే పడుకోబెట్టి ఛాతీ నొక్కుతూ, పక్కనున్న ఒకరిని నోట్లోకి ఊదమన్నారు. కొన్ని నిమిషాలకు పిల్లాడు కదిలాడు. వీడియో చూసి డాక్టరమ్మను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. చెప్పగానే వంగి ఊదిన ఆ రెండో మనిషిని ఎవరూ తలుచుకోలేదు. పల్లెకు ఎక్కువ అవసరం అలాంటివాళ్లే. చేల గట్టు మీద డాక్టరు ఎదురుపడరు కదా.

2005 ఆగస్టు 15న మొదలైన 108 ఎంత వేగంగా వచ్చినా నాలుగు నిమిషాల్లో డొంకదారి దాటి మోటారు దగ్గరికి రాలేదు. ఒక్కో నిమిషం ఆలస్యానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందంటారు వైద్యులు. మనం ఆ నిమిషాల్లో ముఖాన నీళ్లు చల్లుతాం, అరికాళ్లు రుద్దుతాం, లేకపోతే ఆటోలో వేసి గుంటూరు పెద్దాసుపత్రికి పరుగెత్తుతాం. ముందు కరెంటు తీసేయాలి. అది తీయకుండా మనిషిని ముట్టుకుంటే రెండో శవం లేస్తుంది. పిలిస్తే పలక్కుండా, ఊపిరి మామూలుగా ఆడకుండా ఉంటే 108కి ఫోన్ కొట్టి స్పీకరులో పెట్టి, వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టాలి. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, రెండో చెయ్యి దానిపై వేసి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతున నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, అప్పుడు ఇంకొకరు అందుకోవాలి. ఊపిరి ఊదడం తెలిస్తే 30 నొక్కుళ్లకు రెండుసార్లు ఊదాలి, తెలియకపోతే నొక్కుతూనే ఉండాలి. పక్కటెముక విరుగుతుందేమోనని ఆగొద్దు, విరిగినా అతుక్కుంటుంది.

2023లో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఇలాగే ఒకరిని బతికించాక తెలంగాణ ప్రభుత్వం శిక్షణ మొదలుపెట్టింది. మంచిదే. కానీ నన్నడిగితే, మన దగ్గర ఊళ్లలో కరెంటు పని చూసే ఎనర్జీ అసిస్టెంట్లకూ, మిరపకోత ముఠా మేస్త్రీలకూ ముందు నేర్పాలి. నొక్కడం నేర్పే శిక్షణ బొమ్మలు పల్లెకు వచ్చేదాకా, లోతు సరిగ్గా తెలియకపోయినా, చేతులు పెట్టే తీరూ వేగమూ పట్టుబడటానికి బిగించి తొక్కిన పత్తి బోరెం సరిపోతుంది.