ఊడ దిగని నేల

2023 ఆగస్టు చివరి వారం. కళ్యాణదుర్గం దాటి రాయదుర్గం దారి పట్టారు మీరు. పొద్దున పదిన్నరకే ఎర్రమట్టి సెగ చిమ్ముతోంది. ఎటు చూసినా చెనక్కాయ చేలే. రోడ్డు మీంచి పచ్చగానే కనిపిస్తాయి. గట్టు దిగి సాళ్లలోకి వెళ్తే తెలుస్తుంది, ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుపోయాయని.

చేను గలాయన మిమ్మల్ని ఒక మొక్క పక్కన కూర్చోబెట్టి కొమ్మ పైకెత్తుతాడు. చెనక్కాయ పూత పైన పూస్తుంది, కాయ కింద కాస్తుంది. పువ్వు వాడాక కణుపులోంచి సన్నని ఊడ బయల్దేరి, వంగి, మట్టిలోకి దూరుతుంది. దాని కొసే కాయవుతుంది. ఇక్కడ ఊడలు నేలను తాకాయి, దిగలేదు. కొన్ని పక్కకు తిరిగాయి. కొన్నిటి కొసలు నల్లబడ్డాయి. మట్టిని వేలితో నొక్కి చూడమంటాడు. నొక్కుతారు. గోరు కూడా దిగదు.

"మన వేలే దిగల్యా, ఊడ యాడ దిగుతాది సార్?"

జులై పదునుకు విత్తాడు. మొలక బాగా వచ్చింది. నలభై రోజులు దాటి, సరిగ్గా తడి కావాల్సిన వేళకు వరపు పట్టుకుంది. ఆయనకు తెలియదు గానీ ఆ నెల దేశమంతా అంతే: 1901 నుంచి ఉన్న లెక్కల్లో ఇంత పొడి ఆగస్టు ఇంకోటి లేదు. అనంతపురానికి కరువు కొత్తేమీ కాదు. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలే పిండేసుకుంటాయి. ఈశాన్యం తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తుంది. ఏడాది మొత్తానికి సగటున కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. నన్నడిగితే ఈ రైతుకు ఆ సగటంత పనికిరాని అంకె లేదు. పైరు సగటును తాగదు. భూమి వేడెక్కేకొద్దీ వాన కుండపోతగా పడటమూ, రెండు వానల మధ్య ఎండ రోజులు పెరగడమూ రెండూ జరుగుతాయని శాస్త్రవేత్తలు అంటున్నారు. ఆ ఎండ రోజులు ఊడ దిగే వారంలో పడ్డాయంటే, తర్వాత చెరువులు తెగేంత కురిసినా ఈ చేనుకు ఒరిగేదేమీ లేదు.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే బువ్వ. ఊరిబిండి, పలచని చారు, రేషన్ బియ్యపన్నం. చెనక్కాయలు అమ్ముకుని బతికే ఇంట్లో పళ్లెంలోది మాత్రం డిపో నుంచి వచ్చింది.

"మా కాలంలో సంగటి, కొర్రబువ్వ. పండగొస్తేనే వరిబువ్వ," అంటుంది అవ్వ. "కొర్ర ఒక వాన తప్పితే చచ్చేది కాదు నాయనా."

1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, ఆకలి తీర్చింది. కానీ కొర్ర, సజ్జ, జొన్న తినడం తగ్గింది, పండించడమూ తగ్గింది. వాటి చోట్లోకీ చెనక్కాయ వచ్చింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో అది ఒకప్పుడు ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా పరుచుకుంది. ఒక్క పంట, ఒక్క వాన మీద ఆశ. చెనక్కాయ పోతే బియ్యం ఉందనుకుంటాం. ఆ బియ్యం కూడా ఏదో ఒక ఆకాశం కిందే పండాలి. ఈ 2023లోనే డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి, కోతకొచ్చిన డెల్టా వరిని నీళ్లలో పడేసింది.

సాయంత్రం పక్క చేను చూపిస్తారు. చెనక్కాయ సాళ్ల మధ్య కంది, ఆముదం, అలసంద. ఇక్కడా చెనక్కాయ వాడింది. కంది మాత్రం లోతుకు వేరు దించి నిలబడింది. ఆ రైతేమీ పొంగిపోవడం లేదు. "పెట్టుబడి రాదులే సార్. ఇంట్లో పప్పుకు, బేడలకు కొదవ ఉండదు, అంతే."

తిరిగొచ్చేసరికి మొగుడూ పెళ్లాల మధ్య వాదన నడుస్తోంది. పీకి ఎద్దులకు మేతేద్దామని ఆమె. మఖ కార్తె అయిపోతోంది, పుబ్బ దాకా చూద్దామని ఆయన. వాన పడితే మళ్లీ పూస్తుందంటాడు.

"పూస్తాదిలే. ఆ పూత కాయయ్యే దాకా అప్పు మీద వడ్డీ ఆగుతాదా?"

ఆయన మాట్లాడడు. ఆమె మీ వైపు తిరిగి, ఉత్తరలో వాన పడితే ఉలవలు చల్లాలంటుంది. విత్తనం ఇప్పుడే చూసుకోవాలి. వాన పడ్డాక అడిగితే ఊళ్లో ఎవరూ పాత ధరకు ఇవ్వరు.