దున్నిన ఇనుముకు రంగు పూయాలా?

1936లో హ్యారీ ఫెర్గుసన్ తన ట్రాక్టర్‌ను 224 పౌండ్లకు అమ్మకానికి పెట్టాడు. దానికి తగిలించుకునే పనిముట్లు నాలుగు: రెక్క నాగలి, బోదెలు తోలేది, నేలను గుల్లచేసే గొర్రు, సాళ్ల మధ్య కలుపు తీసేది. ఒక్కోటి 26 పౌండ్లు. రైతు దగ్గర అప్పటికే ఉన్న నాగలి ఆ ట్రాక్టర్‌కు కుదరదు. ట్రాక్టర్ ఒక్కటే కొంటే చేలో పని జరగదు. కొనేవాళ్లకు అదే పెద్ద అభ్యంతరమైంది. ఫెర్గుసన్ మాత్రం తగ్గలేదు. ఆయన లెక్కలో యంత్రంలో సగం ట్రాక్టర్, మిగతా సగం దాని వెనకున్న పనిముట్టు.

ఆ రెండు సగాలకూ తర్వాత పట్టిన గతి ఒకటి కాదు. బ్రిటన్, ఐర్లాండ్ పల్లెల్లో పాత ఫెర్గుసన్ ట్రాక్టర్లు బూడిదరంగు పూసుకుని ప్రదర్శనల్లో మెరుస్తుంటాయి. వాటి వెనక తిరిగిన నాగళ్లు, గొర్రులు మాత్రం కంచెల పక్కన గడ్డిలో కూరుకుపోయాయి, లేదా తూకానికి పోయాయి. ట్రాక్టర్‌ను బాగుచేయించిన ఖర్చు అమ్మినప్పుడు కొంతైనా తిరిగొస్తుంది, నాగలికి పెట్టింది రాదు అన్నది అందరూ చెప్పే కారణం. లెక్క నిజమే కావచ్చు. కానీ అసలు కొత్త ఆలోచన పుట్టింది నాగలి దగ్గర. దాన్ని పోగొట్టుకుని ట్రాక్టర్‌ను దాచుకుంటే చరిత్రలో సగమే మిగులుతుంది.

అదెలాగో తెలియాలంటే 1917కి వెళ్లాలి. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది, తిండిగింజల కరువు. ట్రాక్టర్లతో దున్నకం ఎలా సాగుతోందో చూడమని ఐర్లాండ్ వ్యవసాయ బోర్డు ఫెర్గుసన్‌కు అప్పగించింది. ఆయన విల్లీ శాండ్స్ అనే మెకానిక్‌ను వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగాడు. ఎక్కడ చూసినా ఒకటే దృశ్యం: బరువైన ట్రాక్టర్, దాని వెనక గొలుసుతో లాగే అంతే బరువైన నాగలి. ఆ ఏడాదే వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌కు మరో ప్రమాదం ఉండేది. నాగలి రాయికో వేరుకో తగులుకుని ఆగిపోతే, వెనక చక్రాలు పట్టు వదలకపోతే, ముందు భాగం గాల్లోకి లేచి బండి నడిపేవాడి మీదికే తిరగబడేది. ప్రాణాలు పోయాయి.

ఫెర్గుసన్ జవాబు మూడు బిందువుల్లో ఉంది. కింద రెండు కడ్డీలు నాగలిని లాగుతాయి, పైన ఒక కడ్డీ దాని తలను పట్టుకుంటుంది. నేల నాగలిని వెనక్కి గుంజినప్పుడు పై కడ్డీ ముందుకు నెట్టుకుని ట్రాక్టర్ ముక్కును నేలకు అదుముతుంది. బండి పైకి లేవదు. అదే కడ్డీ ఒక స్ప్రింగును నొక్కి హైడ్రాలిక్ వాల్వుకు సంగతి చేరవేస్తుంది: నేల గట్టిగా ఉంది, నాగలిని కాస్త పైకెత్తు అని. నాగలి బరువు, దాని మీద పడే మట్టి బరువు వెనక చక్రాల మీదికి వస్తాయి, చక్రం జారదు. అందుకే తేలికైన చిన్న ట్రాక్టర్ పెద్ద ట్రాక్టర్ చేసే పని చేయగలిగింది. ఈ పద్ధతికి పేటెంట్ 1926లో వచ్చింది. 1933లో తయారైన నల్లరంగు నమూనా ట్రాక్టర్ లండన్ సైన్స్ మ్యూజియం సొత్తు.

1938 అక్టోబరులో ఫెర్గుసన్ అమెరికాలో హెన్రీ ఫోర్డ్‌ను కలిసి నాగలి ఎలా పనిచేస్తుందో చూపించాడు. ఇద్దరూ కాగితం మీద సంతకం లేకుండా చెయ్యి కలిపి ఒప్పందం చేసుకున్నారు. మరుసటి ఏడాది ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ వచ్చింది. ఫోర్డ్ మనవడి కాలానికి ఆ మాట చెల్లలేదు. కోర్టు వ్యాజ్యం 1952లో 92.5 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. ఈలోగా ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో 1946 నుంచి టీఈ20 ట్రాక్టర్లు బయటికొచ్చాయి. 1956లో తయారీ ఆగేసరికి వాటి సంఖ్య అయిదు లక్షలు దాటింది. వాటికి తగిలించే పనిముట్ల జాబితా కూడా అంతకంతకూ పెరిగింది: కోత యంత్రాలు, విత్తనం వేసేవి, మట్టి ఎత్తిపోసేవి, ట్రాలీలు. రైతు చేతికిచ్చిన రెంచి పిడి మీద అంగుళాల గుర్తులుండేవి, చాలు వెడల్పు దాంతోనే కొలుచుకునేవాడు.

ఇప్పుడు బాగుచేయడం సంగతి. ఒక పాత నాగలి దొరికితే ముందు చూడాల్సింది రంగు కాదు, పై కడ్డీ వచ్చి తగిలే తలభాగం. దాని చువ్వ వంగిందా, పిన్ను రంధ్రాలు అరిగి సాగిపోయాయా? అక్కడ వదులుంటే నేల చెప్పే మాట వాల్వు దాకా సరిగా చేరదు. ఎంత అందంగా ఉన్నా అది ఫెర్గుసన్ నాగలిలా పనిచేయదు. ఆ రంధ్రాలకు బుష్‌లు వేయించడానికో, వెల్డింగుతో నింపి మళ్లీ తొలిపించడానికో పెట్టే డబ్బు దండగ కాదు.

కర్రు అరిగితే కొత్తది వేయొచ్చు, అందులో తప్పేమీ లేదు. కర్రు ఎప్పుడూ అరగడానికే పుట్టింది, అప్పటి రైతు కూడా మార్చుకునేవాడు. రెక్క మాత్రం వేరు. దున్నేకొద్దీ మట్టి దాన్ని అద్దంలా తోముతుంది, ఆ నునుపు మీదే మట్టి జారి తిరగబడుతుంది. తుప్పు తిని గుంటలు పడితే మట్టి అంటుకుంటుంది. చాలా నాగళ్ల రెక్కలు మూడు పొరల ఉక్కు, పైకి గట్టిది, లోపల మెత్తది. గ్రైండరుతో గుంటలన్నీ పోయేదాకా అరగదీస్తే గట్టి పొర కూడా పోతుంది. కొన్ని గుంటలు ఉండనివ్వడమే మేలు. రెక్క మీద రంగు పూయడం నాకు బొత్తిగా నచ్చదు: మొదటి చాలుకే లేచిపోతుంది, లేచిపోలేదంటే ఆ నాగలి నేల తొక్కలేదని అర్థం. దానికి గ్రీజు చాలు.

చట్రానికి రంగు వేయాలా అంటే పాత రంగు ఎంత మిగిలిందో చూడాలి. సగమైనా ఉంటే కడిగి, నూనె పట్టించి వదిలేయడమే నా సలహా. ఇసుక యంత్రంతో తోమితే పోతలోని అక్షరాలు మొద్దుబారతాయి. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి ఆ దుమ్ము ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు. రైతు తన ఊరి కమ్మరితో వేయించుకున్న అతుకు కనిపిస్తే తీయొద్దు. ఆ నాగలి ఏ నేలలో ఎక్కడ విరిగిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. తుప్పు పట్టి బిగుసుకున్న బోల్టులకు వేడి, నూనె, ఓపిక కావాలి. సుత్తి దెబ్బలు వేస్తే పోత ఇనుము పగులుతుంది. ముక్కలైపోయినదాన్ని మళ్లీ నిలబెట్టే ప్రయత్నం కంటే విడిభాగాలకు దాచుకుంటే మరో రెండు నాగళ్లు బతుకుతాయి.

మనకూ ఈ కథతో చుట్టరికం ఉంది. చెన్నై కేంద్రంగా 1960లో మొదలైన టాఫే సంస్థ మాస్సీ ఫెర్గుసన్ ట్రాక్టర్లే తయారు చేసింది. ఏ కంపెనీ ట్రాక్టరైనా మన చేలల్లో కల్టివేటర్, రోటవేటర్ తగిలేది ఆ మూడు బిందువులకే. తొలినాళ్ల పనిముట్లు ఇంకా పశువుల పాకల వెనక, వెల్డింగు షాపుల పక్కన పడున్నాయి, కిలోల లెక్కన పోతున్నాయి. ఎత్తుకెళ్లే ఆటో రాకముందే పేరు పలక ఫొటో తీసుకుని, పిన్నులు కొలిచి చూడండి. కింది పిన్ను సుమారు 22 మిల్లీమీటర్లు, పైది 19 ఉంటే అది ఒకటో తరగతి కొలత, ఈనాటి చిన్న ట్రాక్టర్లకూ అదే కొలత. అలాంటిది దొరికితే పిన్ను రంధ్రాలు సరిచేయించి, కర్రు మార్చి, తొలకరికి ఒక చాలు వేసి చూడొచ్చు.