ఎన్ని చొక్కాలు? ఎన్ని రంగులు?

టీషర్టుల మీద బొమ్మ వేయించాలని ఏ ప్రింటింగ్ షాపుకి వెళ్ళినా వాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్ని కావాలి, ఎన్ని రంగులు? బొమ్మ బాగుందా లేదా అన్నది వాళ్ళకి అనవసరం. తెలుగు సంఘాల పిక్నిక్‌లకి చొక్కాలు వేయించినవాళ్ళకి ఇది అనుభవమే. మనకి కాస్త చిన్నతనంగా ఉంటుంది గానీ, ఆ ప్రశ్నల వయసు నాలుగొందల ఏళ్ళ పైమాటే. అందులో మన బందరు వాటా తక్కువేం కాదు.

ఇంగ్లీషువాళ్ళు బందరులో కొట్టు తెరిచింది 1611లో. వాళ్ళు ఇక్కణ్ణించి పట్టుకెళ్ళిన సరుకుల్లో అద్దకం బట్టలు ముఖ్యమైనవి. మనవాళ్ళు చేసింది తీసుకెళ్ళి అమ్ముకోవడంతో వ్యాపారం ఆగలేదు. లండన్‌లోని కంపెనీ పెద్దలు 1643లోనే సూరత్‌కి ఉత్తరం రాశారు: ఎర్ర నేల మీద పువ్వులు వద్దు, తెల్ల నేల మీద వేయించి పంపండి, ఇక్కడ అవే పోతున్నాయి అని. ఇప్పటి భాషలో చెప్పాలంటే కస్టమ్ ఆర్డరు.

కలంకారీ అన్న పేరు పర్షియన్ నించి వచ్చింది, కలంతో చేసే పని అని అర్థం. కాళహస్తిలో ఇప్పటికీ కలంతోనే గీస్తారు. బందరు పక్కనున్న పెడనలో మాత్రం టేకు అచ్చులతో అద్దుతారు. పేరు ఒకటే, పద్ధతులు రెండు. ఎందుకంటే, నాకు తోచే కారణం లెక్కే. గుళ్ళో వేలాడదీసే రామాయణం తెర ఒక్కటే కావాలి, దానికోసం అచ్చులు చెక్కించడం దండగ. అదే తీగా పువ్వూ గజాలకొద్దీ కావాలంటే, ఒకసారి చెక్కిన అచ్చు వేలసార్లు పనికొస్తుంది. రంగు రంగుకీ వేరే అచ్చు కావాలి కనక రెండో ప్రశ్న కూడా అక్కడే పుట్టింది.

అసలు గొప్పతనం అచ్చులో కంటే రసాయనంలో ఉంది. నూలుకి చాలా రంగులు అంటుకోవు, ఉతికితే పోతాయి. అందుకని బట్టని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్ళు దాని మీద పడితే నలుపు. ఎరుపుది ఇంకా చిత్రం. అచ్చుతో అద్దేది ఎరుపు కాదు, పటిక. ఒకప్పుడైతే ఆ తర్వాత చిరివేరు వేసి ఉడికించేవారు, పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు పట్టేది. కలంతో గీసిన గీత పాకకుండా కాళహస్తిలో బట్టకి పాలు పట్టిస్తారు. పెడనలో పటికకి జిగురు కలిపి చిక్కగా చేస్తారు.

ఈ బట్టలు యూరప్‌ని ఎంత భయపెట్టాయంటే, ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండులో 1700లోనూ 1721లోనూ చట్టాలొచ్చాయి. ఈలోగా వాళ్ళు పని నేర్చుకున్నారు. కేర్డూ అనే ఫ్రెంచి పాదిరీ 1742లో మన తీరం నించి ఈ రంగుల పద్ధతి అంతా వివరంగా రాసి పంపాడు. (సంస్కృతానికీ లాటిన్‌కీ చుట్టరికాలు వెతికినాయన కూడా ఆయనే.) 1783లో థామస్ బెల్ రాగి రోలరుకి పేటెంటు తీసుకున్నాడు. రోలరు చెక్కడానికి బోలెడు ఖర్చు, ఆపైన గజం ముద్రించడం దాదాపు ఉచితం. చెక్క అచ్చు అక్కడ ఓడిపోయింది.

1907లో మాంచెస్టర్‌కి చెందిన సామ్యూల్ సైమన్ పట్టుతెర ముద్రణకి పేటెంటు పొందాడు. టీషర్టుల లోకాన్ని ఏలేది దాని సంతతే. రంగుకో తెర తయారుచేయాలి, అందుకే తక్కువ చొక్కాలకి గిట్టదు. కంప్యూటరు నించి తిన్నగా చొక్కా మీద సిరా చిమ్మే యంత్రాలు 1990ల్లో వచ్చాయి. వీటికి తెరలు అక్కర్లేదు, రంగులు ఎన్నయినా ఒకటే. ముదురు చొక్కా మీదైతే ముందు ఒక ద్రవం చల్లాలి, లేకపోతే సిరా నూలులోకి ఇంకిపోతుంది. పాలు పోయి మరొకటి వచ్చింది, అంతే. పాలియెస్టరుకి ఇవేవీ కాదు, వేడికి ఆవిరై దారంలోకి దూరే సిరాలున్నాయి. కానీ అవి నూలుని పట్టుకోవు, ముదురు రంగుల మీద కనబడవు.

ఒక లెక్క వేద్దాం. తెరకి 25 డాలర్లు, నాలుగు రంగులు, పైన చొక్కాకి 4 డాలర్లు అనుకోండి. యంత్రం మీద చొక్కాకి 13. పదకొండు దాకా యంత్రం చవక. పన్నెండో చొక్కా నించి తెర చవక. ఒక్కో చొక్కా మీద ఒక్కో పేరు కావాలంటే మాత్రం ఎన్నయినా యంత్రమే.

తెరతో వేసినా యంత్రంతో వేసినా నాకేమీ అభ్యంతరం లేదు, పేరు దగ్గరే గొడవ. తెర మీద గంటల్లో వేసిన బట్టని కలంకారీ అని అమ్మడం మన ఊళ్ళలోనే మామూలైపోయింది. దాని ధరతో పెడన అద్దకంవాళ్ళు పోటీపడలేరు. వాళ్ళ బట్టకి ఉడకబెట్టడాలు, కాలవలో జాడించడాలు, ఎండబెట్టడాలు ఉన్నాయి. వానాకాలంలో పని వెనకబడుతుంది. భౌగోళిక గుర్తింపు వచ్చింది నిజమే, కానీ కొట్టులో చీర మడత విప్పి చూసేవాళ్ళకి అది ఎక్కడ కనబడుతుంది?

లెక్కల ప్రకారం వాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది, దాన్ని ఎవరూ వాడుకుంటున్నట్టు లేదు. పాత అచ్చులు గుట్టలుగా ఉన్న ఇంట్లో చెక్కుడు ఖర్చు తాతల నాడే తీరిపోయింది. కొత్త బొమ్మ అడగకుండా ఉన్న అచ్చుల్లోంచే ఎంచుకుంటే, పది కండువాలకైనా బేరం కుదరొచ్చు. ఉగాదికి కావాలంటే మాత్రం సంక్రాంతికి ముందే చెప్పాలి.